పక్క సీట్ల ముత్తవ్వ

కథలాపూర్ నుంచి కోరుట్లకు పోయే తొవ్వల పాల సెంటర్ స్టేజి అని బస్సాగే జాగ ఒకటున్నది.

పాల సెంటర్ బందై ఇరవై ఏండ్లు దాటింది. గోడలున్నయ్, కప్పు లేదు. దాని ముంగట రోడ్డు మీద బస్సు కోసం నిలబడే షెడ్డు, అందుల ఒక్కటే సిమెంటు బెంచి. పగటిపూట మేకలు పంటయ్. పొద్దుమూకిందంటె మేకలు సుత ఉండయ్.

ఎందుకనంటె... ఆడ ముత్తవ్వ ఉంటది.

మా ఊర్లె ఎవల్నడిగినా చెప్తరు. పాతికేండ్ల కింద, నాట్ల దినాలల్ల, ముత్తవ్వ అనే కూలిమనిషి ఆఖరి బస్సు కోసం ఆ బెంచి మీద కూసున్నదట. బస్సు రాలే. తెల్లారి జూస్తె — చెప్పులున్నయ్, బట్టల మూట ఉన్నది, మనిషి లేదు. ఎనుక పాడుబడ్డ బాయిల దేవులాడిండ్రు. దొరకలే. దొరికితె ఒక్కనాటి ఏడుపుతోని అయిపోతుండె. దొరకకపోయేసరికి భయం ఆడనే ఉండిపోయింది.

అప్పటి సంది ఆమె బండి కోసం ఎదురుజూస్తనే ఉన్నదంటరు. రాత్రి ఒక్కడే పోయేటోని బండి ఎక్కుతది. బైకు మీద పోతుంటె ఎనుక సీటు మెల్లగ కిందికి దిగుతదట... కోరుట్ల శివారుల మళ్ల తేలికైతదట. ఎనుకట ఆఖరి బస్సు డ్రైవర్ ఒకాయన, ఆడ ఎవ్వలు లేకున్నా బస్సాపి, పది లెక్కవెట్టి, అటెన్క పోయెటోడట. టికెట్ కొట్టాల్నా వద్దా అని కండక్టర్ పరేశాన్ అయ్యెటోడట.

పోయిననాడు ముత్తవ్వకు నలభై అయిదేండ్లు. ఇప్పుడు అందరు ముసల్ది అంటరు. దెయ్యం సుత మా ఊరోళ్లతోనిపాటే ముసల్దైంది.

ఇగ దావీదు ముచ్చట.

దీన్ని నాకు దావీదు చెప్పిండు, మళ్ల అతని భార్య అమృత చెప్పింది. దావీదు చెప్పిన దాంట్ల దావీదు భయపడలే. అమృత చెప్పిన దాంట్ల పడ్డడు. నేను అమృత చెప్పిందే చెప్తున్న.

దావీదు వాళ్లకు తాత కాలం నుంచి గుంట భూమి లేదు. నాయిన కూలి, తల్లి పోశవ్వ కూలి. దావీదు డ్రైవింగ్ నేర్చుకోని దుబాయ్ పోయి, ఒక షేక్ ఇంట్ల పద్నాలుగేండ్లు పెద్ద బండి నడిపిండు. తిరిగొచ్చినంక మొదలు చేసిన పని — అసోంటి పెద్ద బండే కొనుడు. సెకండ్ హ్యాండ్‌ది. నల్లగ, ఏడు సీట్లతోని, మా చర్చి తలుపు కంటె ఎత్తుగ ఉంటుండె.

బండి వాళ్ల గల్లీల పట్టలే. చర్చి కాంపౌండ్ల పెట్టి ఇంటికి నడిచిపోయెటోడు. డీజిల్ నీళ్లోలె తాగుతుండె. ఇంజన్ బొమ్మ లైటు కొన్ననాటి నుంచి ఆరలే. అద్దం దించితె మళ్ల ఎక్కకపోతుండె. ఒక్కోనాడు నడుమ తొవ్వల అన్ని లైట్లు బందై నిలబడిపోతుండె. మెకానిక్ జైపాల్ కాడ అది నెలకు పది దినాలు ఉంటె, ఇంటి కాడ ఇరవై దినాలు ఉంటుండె.

అమృత పెటికోట్లు కుడుతది. ఇంట్ల మూడు మిషన్లు, ఇద్దరు ఆడోళ్లు పనికొస్తరు. సిరిసిల్ల నుంచి బట్ట తానులు తెచ్చుకోవాలె, కుట్టిన మాలు అప్పజెప్పాలె. ఇంటాయనకు అంత పెద్ద బండి ఉన్నంక సుత ఆమె మూటలు నెత్తిన పెట్టుకోని ఆటో ఎక్కేది. ఎందుకంటె మూటలు పెడితె సీట్లు ఖరాబైతయని దావీదు ఒప్పుకోకపోతుండె.

గీ ఏడు జగిత్యాల షోరూంల పాత బండ్లకు ఎక్స్‌ఛేంజ్ మేళా పెట్టిండ్రు. పెద్ద బండిచ్చి చిన్న వ్యాన్ తెచ్చుకుందాం, మూటలకు మూటలు, కిరాయికి కిరాయి అని అమృత అన్నది. దావీదు ఇననట్టు చేసిండు. రెండోసారి అన్నది. చర్చి కాడ బండి తుడువవోయిండు. మేళా ఆదివారంతోని అయిపోతదనంగ మూడోసారి అడిగితె, పద్నాలుగేండ్లు ఒకని బండి తోలిన, నాది నన్ను తోలుకోనియ్యవా అన్నడు. అమృత ఆ దినం కూరల ఉప్పెయ్యలే.

దావీదు ఆమెకు చెప్పని ముచ్చట ఒకటున్నది.

బిడ్డ తేజస్విని కోరుట్లల ట్యూషన్ చదువుతది. రాత్రి ఎనిమిదింటికి దావీదు ఒక్కడే పోయి తీసుకొస్తడు. నెల కింద ఒకనాడు గట్లనే పోతున్నడు. పాల సెంటర్ స్టేజి వచ్చింది. అటిటు చూడకుంట, స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరినా ఆపకుంట దాటిండు. దాటినంక ఊపిరి తీసుకుండు...

టింగ్.

ముంగట ఎర్ర లైటు. టింగ్... టింగ్... టింగ్...

పక్క సీట్ల మనిషి బెల్టు పెట్టుకోలేదని బండి చెప్తుంది.

పక్క సీటు దిక్కు జూసిండు. ఎవ్వలు లేరు. నల్ల సీటు, దాని మీద అద్దంల నుంచి పడే ఎన్నెల... అంతే.

ఆపుదామంటె ధైర్యం లేదు. దిగి ఉరుకుదామంటె, ఉరికితె స్టేజి దిక్కే ఉరకాలె. అట్లనే తోలిండు. మెడ తిప్పలే. చెమటకు స్టీరింగ్ జారుతుంది. ఎనిమిది కిలోమీటర్లు టింగ్ టింగ్ అనుకుంటనే పోయి, కోరుట్ల శివారుల స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగింది —

ఆగిపోయింది.

దిగింది అనుకున్నడు దావీదు.

తెల్లారి రాత్రి మళ్ల అంతే. ఆ స్టేజి కాడ మొదలు, కోరుట్ల శివారుల బందు. మూడోనాడు సుత. మేము దేవుణ్ని నమ్మేటోళ్లం, దెయ్యాలను నమ్మం అని దావీదు అందరికి చెప్తుంటడు. పగటిపూట. ఇంట్ల చెప్తె ఏమైతదో ఎరుకనే — ఆ దినమే బండిని షోరూంకు పంపుతది అమృత. అందుకని నోరు మూసుకున్నడు.

నాలుగోనాడు ఇల్లెళ్లేటప్పుడే పక్క సీటు బెల్టు గుంజి, ఖాళీ సీటుకు పెట్టిండు.

స్టేజి దాటిండు. సప్పుడు లేదు.

బెల్టు పెట్టుకున్న దెయ్యంతోని దావీదు కోరుట్ల దాక పోయిండు. శివారుల బండి మెల్లగ చేసి, దిగేటోళ్లకు టైం ఇచ్చిండు.

ఇట్ల వారం గడిచింది. భయం పోలే గని, అలవాటైంది. ఒకనాడు మనసు ఆగక, పక్క సీటు దిక్కు చూడకుంటనే, గొంతు తగ్గిచ్చి అడిగిండు.

"అవ్వా... కోరుట్లల నీకు ఎవలున్నరు?"

జవాబు రాలే. రాకపోవుడే మంచిగైంది. అప్పటి నుంచి దినాం ఏదో ఒకటి మాట్లాడెటోడు.

ఇది బయటపడ్డది ఒక చిన్న పనితోని. చర్చి కాంపౌండ్ల బండి కడుగవోయిన అమృతకు ఖాళీ సీటుకు బెల్టు పెట్టి కనిపిచ్చింది. ఎవల్ని కూసుండవెట్టుకున్నవని అడిగింది. ఎవల్ని లేదన్నడు. ఆమె అడిగిన తీరు చూస్తె, దెయ్యం కంటె పెద్ద ఫికర్ ఏదో ఆమెకు పట్టుకున్నదని అర్థమైంది. ఇంట్ల లొల్లి కావుడు కన్న దెయ్యమే నయం అనుకోని అంత చెప్పేసిండు. చెప్తుంటె చెప్తుంటె ఆయనకే వణుకు పుట్టింది. ఆఖరుకు ఆయనే అన్నడు — ఎక్స్‌ఛేంజ్ ఇచ్చేద్దాం, గీ ఆదివారమే.

అమృత దెయ్యాన్ని నమ్మలే. కాని ఆ దెయ్యం మీద ఆమెకు పానం పోయేంత ప్రేమ పుట్టింది.

అడ్డం వచ్చింది పోశవ్వ.

గడపల కూసోని బియ్యం ఏరుతున్న పోశవ్వ, ముత్తవ్వ పేరు ఇనంగనే చాట కింద పెట్టింది. అటెన్క కొడుకును దగ్గరికి పిలిచి, నాకు సూపియ్యి అన్నది.

ఆ రాత్రి ముగ్గురు పోయిండ్రు. పక్క సీటు ఖాళీ. బెల్టు పెట్టలే. అమృత, పోశవ్వ ఎనుక సీట్ల కూసున్నరు. స్టేజి దగ్గరవడుతుంటె అమృత సుత అత్త చెయ్యి పట్టుకున్నది. బండి స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరింది...

టింగ్... టింగ్... టింగ్...

దావీదు బండి పక్కకాపిండు. చుట్టు చీకటి. పాల సెంటర్ గోడలు.

పోశవ్వ ముంగటికి వంగి, ఆ ఖాళీ సీటు మీద చెయ్యి ఆనిచ్చింది.

"ముత్తవ్వా... నేనే, పోశిని. నువ్వు నాటు దూరం దూరం ఏసినవని నేను గంత మాట అనొద్దుండె. నీతోని స్టేజి దాక వచ్చేదాన్ని... కోపానికి రాలే. నీ మొఖం నాకు చూపియ్యకు అన్న. అనుడు ఒక్కటే తెలుసు నాకు... నిజంగనే చూపియ్యవని తెల్వదు."

సప్పుడు ఆగిపోయింది.

పోశవ్వ కొంగుతోని కండ్లు తుడుచుకున్నది. ఇరవై అయిదేండ్ల సంది ఆమె ఆ స్టేజి మీదికెళ్లి పోలే, ఎటుపోవాలన్నా వేములవాడ తొవ్వల తిరిగి పోయేదని అమృతకు ఆ రాత్రే ఎరుకైంది.

ఇంటికొచ్చినంక పోశవ్వ ఒక్కటే పట్టు పట్టింది. బండి అమ్మితె ముత్తవ్వను ఎవలికో అప్పజెప్పినట్టే. ముత్తవ్వ బిడ్డను బీర్పూర్ ఇచ్చిండ్రు. ఆ పిల్లను కలిసి, మీ అవ్వ గిట్ల తిరుగుతుంది, ఆమె పేరు మీద ఏం చేద్దామని అడగాలె. ఆ బిడ్డ ఏమంటె అది చేసినంకనే బండి ముట్టాలె. ఇన్నేండ్లు ఎందుకు పోలేదంటె, ఏ మొఖం పెట్టుకోని పోను అన్నది.

ఆదివారం ప్రార్థన అయిపోంగనే బయలెల్లిండ్రు. తేజస్విని పరీక్షలున్నయని ఇంటి కాడనే ఉన్నది. ముందు బీర్పూర్, వచ్చేటప్పుడు జగిత్యాల షోరూం. అమృత ముంగట బెల్టు పెట్టుకోని కూసున్నది. తొవ్వంత పోశవ్వ ఏం మాట్లాడాల్నో తనలో తనే అనుకుంటుంది.

బీర్పూర్ల అడుక్కుంట అడుక్కుంట పోతె, ఆఖరి గల్లీల రేకుల ఇల్లు చూపిచ్చిండ్రు. దావీదు బండిలనే కూసున్నడు. పోశవ్వ పోయి తలుపు కొట్టింది.

లోపట దగ్గు సప్పుడు. ఎవలో కాళ్లీడ్చుకుంట వస్తున్నరు. తలుపు సగం తెరుచుకున్నది.

తెల్లచీర. తెల్లెంటికలు. ఎండిపోయిన చెయ్యి.

"ఎవలు?"

ఆ ముసలామె కండ్లు చిన్నగ చేసి చూసింది. దగ్గరికి వచ్చి ఇంకోసారి చూసింది.

"ఓసి... పోశివి గాదే నువ్వు?"

ముత్తవ్వ. పానంతోని.

ఎనుక గట్టిగ హారన్ మోగింది, ఆగలే. దావీదు స్టీరింగ్ మీద ఒరిగిండు.

నీళ్లు తాగి, కూసున్నంక అన్ని తెలిసినయ్. ఆ రాత్రి బస్సు రాలే. భీవండి పోయే లారీ ఒకటి ఆగింది. అందుల ఆమె బిడ్డ, అల్లుడే ఉన్నరు, మరమగ్గాల పనికి పోతున్నరు. ఈమెను చూసి ఆపిండ్రు. డ్రైవర్ జల్ది జల్ది అంటె, చెప్పులు మూట ఆడనే ఇడిచి ఎక్కింది. ఇరవై ఏండ్లు భీవండిలనే ఉన్నది. కరోనా టైంల బీర్పూర్ తిరిగొచ్చిండ్రు.

"కబురన్న పంపకపోతివి?" అన్నది పోశవ్వ.

"మొఖం సూపియ్యకంటివి గద," అన్నది ముత్తవ్వ.

ఇద్దరు కొద్దిసేపు ఏడ్సిండ్రు, ఎక్కువసేపు కొట్లాడిండ్రు. నాటు దగ్గర ఏసిందా దూరం ఏసిందా అనేది ఆ దినం సుత తెగలే. నువ్వు సచ్చిపోయినవనుకున్నమని పోశవ్వ చెప్పింది. దెయ్యమైనవనుకున్నమని మాత్రం ఎవ్వలు చెప్పలే. ఒక మనిషికి ఎదురుంగ కూసోని ఆ మాట ఎట్ల చెప్తరు? నాలుగొద్దులు మా ఇంట్ల ఉందురా అని పోశవ్వ పిలిస్తె, ముత్తవ్వ సంచి సర్దుకోని బండెక్కింది.

దావీదుకు మాత్రం ఒకటే మనాది. ముత్తవ్వ బతికే ఉన్నదంటె... మరి నెల దినాల సంది పక్క సీట్ల కూసున్నది ఎవలు?

జగిత్యాల షోరూంల పాత బండ్లు చూసే శ్రావణ్ అనే పిలగాడు బండి చుట్టు తిరిగిండు. నడిపి చూసిండు. పక్క సీటు లైటు వస్తుందని దావీదు చెప్తె, సీటు కింద టార్చి కొట్టి, చెయ్యి పెట్టి ఒక పచ్చ వైరు బయటికి గుంజి చూపిచ్చిండు. ఎలుక కొరికిందన్నా అన్నడు. మనిషి కూసున్నడని బండికి చెప్పే వైరట. స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరితె తాకుతది, మళ్ల ఎగిరితెనో, సీటును ఒత్తితెనో ఊడుతది. రెండు నిమిషాల పని, చేసియ్యాల్నా అని అడిగిండు.

అమృత నవ్వింది. పోశవ్వ నవ్వింది. దావీదు నవ్వలే.

అందరు పక్కకు పోయినంక అమృత ఏందని అడిగింది. ఇగ దెయ్యం లేదు, బండి ఇయ్యనంటడేమో అని ఆమె భయం.

దావీదు వైరు దిక్కే చూసుకుంట చెప్పిండు. దుబాయ్‌ల పద్నాలుగేండ్లు షేక్ ఎనుక సీట్ల కూసునెటోడు. దావీదు పక్క సీట్ల ఒక్కనాడు ఎవ్వలు కూసోలే. ఒక్క మాట మాట్లాడినోళ్లు లేరు. ఇక్కడికొచ్చి ఏడు సీట్ల బండి కొన్నా అదే కథ. ఈ నెల దినాలే ఎవలో ఒకరు కూసున్నట్టుండె.

"దానితోని అన్ని చెప్పుకున్న. గీ బండి కొనుడు తప్పైంది, అమృతకు ఎట్ల చెప్పాలె అని సుత చెప్పిన."

అమృత ఆయన పక్కకు వచ్చి నిలబడ్డది.

"నాకు చెప్పకపోతివి," అన్నది. "నేనైతె టింగ్ టింగ్ అని సుత అనకపోతుంటి."

అప్పుడు నవ్విండు దావీదు. పోయి కాయిదాల మీద సంతకం పెట్టిండు. చిన్న వ్యాన్ మంగళవారం ఇస్తమన్నరు, అప్పటిదాక పెద్ద బండి నడుపుకోమన్నరు.

కోరుట్ల దాటేసరికి రాత్రి ఎనిమిదైంది. ముత్తవ్వ ముంగట సీట్ల, బెల్టు పెట్టుకోని. వైరు ఊడదీసిండ్రు గాబట్టి సప్పుడు లేదు. పాల సెంటర్ స్టేజి కనబడుతుంది...

అప్పుడు బండి ఆఖరుసారి తన గుణం చూపిచ్చింది. లైట్లు పోయినయ్. ఇంజన్ పోయింది. సరిగ్గ షెడ్డు దాటినంక, రోడ్డు పక్క చెట్ల నీడల నిలబడిపోయింది. నల్ల బండి, నల్ల చీకటి, ఏం కనబడుతలేదు. దావీదు బానెట్ లేపి తల లోపట పెట్టిండు. ఫోన్ లైటు పట్టుకోని అమృత, పోశవ్వ అటే పోయిండ్రు. కాళ్లు గుంజుతున్నయని ముత్తవ్వ దిగి, మెల్లగ నడుచుకుంట షెడ్డు కాడికి వచ్చి, తెలిసిన బెంచే గదా అని కూసున్నది.

అటు కథలాపూర్ దిక్కు నుంచి ఒక బైకు వస్తుంది. ఒక్కడే మనిషి.

సాయం అడుగుదామని ముత్తవ్వ లేచి నిలబడి, చెయ్యెత్తింది.

"ఆగు బిడ్డా... ఆగు..."

ఆ బైకు మీది మనిషిని నేనే.

నేను కోరుట్లల మెడికల్ షాపుల పని చేస్త. పొద్దుగల పోయి, పొద్దుమూకకముందే ఇల్లు చేరేటోన్ని. ఆ దినం సేఠ్ అర్జంటుగ రమ్మని ఫోన్ చేస్తె బయలెల్లిన. హెడ్‌లైట్ల తెల్లచీర కనబడుడు యాదికున్నది, లేసిన చెయ్యి యాదికున్నది. బ్రేక్ కొట్టిన్నో, రేజ్ చేసిన్నో యాదికి లేదు. బైకు పొలంల పడ్డది. నేను దాని కంటె ముంగట పడ్డ. నడుముల దాక బురద. లేద్దామంటె కాళ్లు అండ్లనే కూరుకపోయినయ్.

ఒడ్డు మీద నుంచి కాళ్లీడ్చుకుంట వచ్చింది. వంగింది. ఆ తెల్లెంటికలు, ఆ మొఖం... నా మొఖం మీదికి వచ్చినయ్. సల్లని చెయ్యి నా భుజం పట్టుకున్నది.

నేను కండ్లు గట్టిగ మూసుకున్న.

ఆమె అటుజూసి, ఇటుజూసి, గొంతు తగ్గిచ్చి నా చెవుల అడిగింది —

"గీ స్టేజి కాడ ఏదో దెయ్యముంటదని మా అల్లుడంటుండె... నీకు కనబడ్డదా బిడ్డా?"